బీరువా భద్రం, సంగీతం క్షేమం

ఒడిశాలో గంజాం జిల్లా దిగపహండి పక్క సంగీతం మీద ఏదైనా రాద్దామనుకునే పిల్లలకు ముందుగా శుభవార్త. కాలేజీ లైబ్రరీలో సంగీతం పుస్తకాలు ఉన్నాయి. చెదల సంగతేమో గానీ, మనిషి చెయ్యి మాత్రం తగల్లేదు. బీరువాలో ఉన్నాయి. బీరువాకి తాళం ఉంది. తాళంచెవి అటెండరు దగ్గర ఉంది. అటెండరు పరీక్షల డ్యూటీలో ఉన్నాడు.

ఏ కాలేజీ అని అడక్కండి. ఒక్కదాని పేరు చెబితే మిగతావాళ్లు తమని వదిలేశారని నొచ్చుకుంటారు.

ఓ కుర్రాడు ప్రహ్లాద నాటకంలోని రాగాల మీద ప్రాజెక్టు రాస్తానని కౌంటరు దగ్గరికి వెళ్లాడనుకోండి. "ఏం గ్రూపు?" కామర్స్ అంటే, "మరి నీకెందుకురా పాటలు?" చరిత్ర అంటే, "సిలబస్‌లో ఉందా?" ఉందంటే, "అయితే బజార్లో గైడు దొరుకుతుంది, కొనుక్కో." ఇన్ని గండాలు దాటి బీరువా తెరిపించిన మొనగాడికి కనబడేది హార్మోనియం నేర్పే పుస్తకం ఒకటి, అదే పుస్తకం ఇంకో పదకొండు కాపీలు. గ్రాంటు మురిగిపోతుందని మార్చి నెలాఖరులో కొన్నవి.

ఇంతకీ ఆ నాటకం ఎక్కడిది? జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద ఉంది. రాజు గారి కోట ఊరు ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, ఆట గంజాం పల్లెల్లో ఉంది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక, వందకు పైగా పాటలు, నరసింహుడి ముఖానికి పూజ, తెల్లవార్లూ పాట నడిపే గాహకుడి గొంతు. ఒడియా పాటలోకి దక్షిణాది బాణీ ఎలా వచ్చి చేరిందో తేల్చాలంటే తెలుగూ ఒడియా రెండూ వచ్చినవాళ్లు కావాలి. అలాంటి పిల్లలు ఇక్కడ ఏ వీధిలో వెతికినా దొరుకుతారు. పుస్తకంలోకి ఎక్కించింది మాత్రం అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ ఆచార్యుడు జాన్ ఎమిగ్. ముసుగు నాటకాల మీద 1996లో ఆయన తెచ్చిన పుస్తకంలో దీనికి చోటిచ్చాడు. అచ్చువేసింది పెన్సిల్వేనియా యూనివర్సిటీ ప్రెస్. మన కుర్రాడు మన ఆట గురించి చదవాలంటే ఆ దారే పట్టాలి. బీరువా తాళంచెవి కంటే వీసా తొందరగా దొరకొచ్చు.

పోనీ, ఇదొక్కటేనా? కవిసూర్య బలదేవ రథ్ గంజాం కవే. ఆయన 'కిశోర చంద్రానన చంపు'లో 'క' నుంచి 'క్ష' దాకా అక్షరానికొకటి చొప్పున 34 పాటలున్నాయి. 'సంగీత నారాయణం' పర్లాకిమిడి గజపతి నారాయణదేవుడి పేరున 17వ శతాబ్దిలో వెలిసిన శాస్త్రగ్రంథం. సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' రాసింది తెలుగులో. 1904లో దాన్ని అచ్చు వేయించింది తమిళదేశంలోని ఎట్టయపురం సంస్థానం. అక్కడి జమీందారుకు తెలుగు పుస్తకం బరువనిపించలేదు. ఒకప్పటి బడఖెముండి జమీందారీలో ఉన్న మనకు రిజిస్టరులో దాని పేరు ఎక్కించడమే బరువైంది. లైబ్రరీల్లో పుస్తకాలకు నంబర్లు వేసే డ్యూయీ లెక్కలో సంగీతం నంబరు 780. మావాళ్ల లెక్కలో 'ఇతరములు'.

పుస్తకాలున్నది వాడుకోవడానికని గ్రంథాలయ శాస్త్రానికి సూత్రాలు రాసిన రంగనాథన్ గారు మద్రాసులో 1931లోనే మొదటి సూత్రంగా రాశారు. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరింది. పంపకాల్లో ఆ సూత్రం అవతలివాళ్లకు పోయినట్టుంది. కానీ అవతల కాలేజీల్లోనూ ఇవే బీరువాలు కనిపిస్తున్నాయి. మరి ఎవరి వాటాకొచ్చిందో!

బరంపురం, దిగపహండి తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు పైన చెప్పిన పుస్తకాల పేర్లు కాగితం మీద రాసి, ఈ ఏడాది కొనమని లైబ్రరీలో ఇవ్వండి. ఊళ్లో ముసలి గాహకుడు ఎవరైనా ఉంటే, ఆయన పాట ఫోన్లో రికార్డు చేసి అదీ ఇవ్వండి. ఇచ్చినదానికి రసీదు తీసుకోవడం మాత్రం మరిచిపోకండి.