వెనక సీటు

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డుకు పొద్దున్నే తెల్ల అంబాసిడర్ వచ్చింది. 1972 నాటి మార్క్ 2. గతుకు వస్తే వెనకనుంచి డబడబ. మలుపు తిప్పితే కిర్రుమని చప్పుడు.

యజమానికి యాభై అయిదేళ్లుంటాయి. దిగుతూనే వెనక ఎడమ తలుపు పిడిని జేబురుమాలుతో తుడిచాడు.

“మా నాన్నగారి కారు మేస్త్రీ. బుక్ చేసి, ఏళ్లు ఎదురుచూసి కొన్నారు. ఖర్చుకు వెనకాడను. వెనక సీట్లో చిన్న కుదుపు కూడా తెలియకూడదు. ఆయన కుదుపు ఓర్చుకునేవారు కాదు.”

డాష్‌బోర్డు మీద ఫొటో ఉంది. ఇదే కారు పక్కన తెల్లపంచెలో ఒక మనిషి, చేతిలో తాళాలు. మేస్త్రి ఆ ఫొటోకు దణ్ణం పెట్టాడు. యజమాని కళ్లు చెమర్చాయి.

కారును జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టారు. కమాన్ కట్టల చివర ఉండే రబ్బరు బుష్‌లు అరిగాయి. షాకిల్ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. నూనె కొట్టి, నానబెట్టి, సుత్తితో తట్టితట్టి మధ్యాహ్నానికి లాగారు. మేస్త్రి ఒక పాత బుష్ తెచ్చి యజమాని అరచేతిలో పెట్టాడు. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగింది. గోరు తగిలితే రబ్బరు పొడిపొడిగా రాలుతోంది.

“మధ్యన రబ్బరు ఉన్నన్నాళ్లే సార్. అది పోతే ఇనుమూ ఇనుమూ కొట్టుకుంటాయి. ఇకమీదట బండిని ఎండలో పెట్టకండి.”

“పెట్టడం లేదు. మొన్నీమధ్య ఇంట్లో ముందుగది ఖాళీ అయింది. గోడ తీయించి షెడ్డు చేశాను.”

కొత్త బుష్‌లకు మేస్త్రి సబ్బునీళ్లు పూసి ఎక్కించాడు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బుతుందని కుర్రాణ్ణి నూనెచేతులతో ముట్టుకోనివ్వలేదు. నట్లను వేళ్లతో తిరిగినంత వరకే తిప్పి, కారును నేలకు దించేశాడు.

“బిగించకుండానే దించావేం?”

“గాల్లో ఉండగా బిగించకూడదు సార్. ఈ బుష్ తిరిగేది కాదు, మెలిపడేది. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు నేలకు దిగగానే రబ్బరు మెలిపడుతుంది. ఇక ఎప్పుడూ ఆ మెలికతోనే ఉంటుంది. తొందరగా చిరుగుతుంది. మొయ్యాల్సిన బరువు మీద పడ్డాకే బిగించాలి. మామూలుగా కారులో ఎవరెవరు తిరుగుతారు?”

“నేనూ మా ఆవిడా. ఇద్దరం ముందు సీట్లోనే. వెనక ఎవరినీ ఎక్కనివ్వను, పిల్లల్ని కూడా. ఆ ఎడమపక్క నాన్నగారి చోటు.”

మేస్త్రి కాసేపు మాట్లాడలేదు.

“అయితే ఆ చోటు ఖాళీగా ఉంచి బిగించడానికి నాకు మనసొప్పదు సార్. పెద్దాయన కూర్చున్నట్టే బిగిస్తాను.”

కుర్రాణ్ణి పక్కనున్న పాత ఇనప కొట్టుకు పంపాడు. వాడు గోనెసంచిలో ఇసుక నింపి, కాటా మీద 70 కిలోలు తూచి, ఇంకొకడి సాయంతో మోసుకొచ్చాడు. యజమాని సీటు మీద ఉతికిన దుప్పటి పరిచాడు. సంచిని ఎడమపక్కకు జరిపి, పక్కకు ఒరగకుండా తనే సర్దాడు. తర్వాత స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇల్లాలి చోట్లో కుర్రాడు కూర్చున్నాడు. కమాన్ కట్టలు ఒత్తుకుని కారు కొద్దిగా కిందికి దిగింది.

మేస్త్రి వెల్లకిలా పడుకుని పానాతో కారు కిందికి దూరాడు. ఒక నట్టుకు పానా తగిలించి ఆగాడు.

“అడగడం మరిచాను సార్. పెద్దాయన బరువెంత? నేను ఉజ్జాయింపుగా 70 పెట్టించాను.”

యజమాని ఫోను తీసి వెతికాడు.

“70 ఎక్కువ మేస్త్రీ. మొన్ననే వృద్ధాశ్రమం వాళ్లు తూచి పంపారు. 48 ఉన్నారట. ఓ 22 కిలోలు తీసేయించు.”