గురువారం టర్కీ, ఆదివారం కూర

కోకాపేట అపార్టుమెంట్లకు నవంబరు నాలుగో గురువారం ఒక వరం. అమెరికా టీములు థాంక్స్‌గివింగ్ సెలవులో ఉంటాయి, రాత్రి కాల్స్ ఉండవు. డల్లాస్‌లో ఏళ్ళ తరబడి ఉండి తిరిగొచ్చిన వాళ్ళకి ఆ ఖాళీ చూస్తే చెయ్యి ఊరుకోదు. ఆరు కిలోల టర్కీ కోడిని ఓవెన్‌లోకి ఎక్కిస్తారు. మీరూ ఎక్కించండి. ఎంతమంది తింటారని మాత్రం ముందుగా అడక్కండి. అడిగారో, అసలు సంగతి బయటపడుతుంది. అమెరికా వాళ్ళు ఆ పండగని గురువారానికే కట్టేశారు, అంటే బాబా భక్తులు ముట్టరు. 2023లోనూ 2024లోనూ అది సరిగ్గా కార్తీక మాసంలో పడింది, అంటే మిగిలినవాళ్ళలో చాలామంది ముట్టరు. మాల వేసుకున్న స్వాములు గుమ్మంలోనే పలకరించి వెళ్ళిపోతారు. అతిథులు ఇలా కుదిరితేనే పక్షి మిగులుతుంది. మిగలని ఇంటికి ఈ చిట్కాలతో పనిలేదు.

పార్టీ అయ్యాక రాత్రి ట్రేని ఎక్కడుందో అక్కడే వదిలేయండి. వండిన మాంసం రెండు గంటలకు మించి బయట ఉండకూడదని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. 4 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు గబగబా పెరుగుతాయట. అది అమెరికా సూక్ష్మజీవుల సంగతి. మనకి బాల్కనీ ఉంది. ముప్పై ఎనిమిదో అంతస్తులో గండిపేట చెరువు మీంచి వచ్చే గాలి చాలదూ? పైగా మన కోకాపేట నియోపోలిస్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. చదరపు అడుగు నేలకి లెక్కేస్తే 23 వేలు దాటుతుంది. ఆ ధరలో ఫ్రిజ్ నిలబడిన చోటు ఎంత చేస్తుందో చూసుకోండి. అందులో ఒక అరంతా సగం తిన్న కోడికి ఇవ్వడానికి మనసెలా ఒప్పుతుంది?

ఇంట్లో వాళ్ళు పట్టుబడితే, ట్రేతో సహా పక్షిని మొత్తంగా పెరుగు గిన్నెకీ దోసెల పిండికీ మధ్య దూర్చండి. అంత లావు ముద్ద లోపలిదాకా చల్లబడేసరికి తెల్లారుతుంది. వండినా చావకుండా మిగిలే కొన్ని బీజాలకి కావలసింది సరిగ్గా ఆ గోరువెచ్చని వ్యవధే. ఎముక మీంచి మాంసం ఒలిచి, పలచటి డబ్బాల్లో సర్ది, వెంటనే తిననిదాన్ని ఆ రాత్రే ఫ్రీజర్‌లో పెట్టే మనుషులు కూడా ఉన్నారు. అలాంటివాళ్ళతో ఏ విషయమూ సరదాగా మాట్లాడలేం.

ఇక ఆగండి. శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకన్న. కూరకి ఆదివారమే ముహూర్తం. వండిన టర్కీ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఆగుతుందంటారు. గురువారం రాత్రి నుంచి ఆదివారం మధ్యాహ్నానికి ఆ లెక్క ఇంచుమించు నిండుతుంది. బాల్కనీలో గడిపిన రాత్రిని లెక్కలో కలపకండి. ఆ రోజు పక్షి విహారానికి వెళ్ళింది. వాసన చూసి, బాగానే ఉంది అనుకుని ముందుకు వెళ్ళండి. జబ్బు చేసే సూక్ష్మజీవులు వాసన రాకుండానే ఉంటాయని ఎవరైనా అంటే, ఎలాగూ మరిగిస్తాంగా అనండి. స్టెఫైలోకాకస్ వదిలే విషం మరిగించినా పోదు, కానీ ఆ మాట భోజనాల దగ్గర ఎత్తే వాళ్ళెవరు?

ఇప్పుడు ట్రే మూత తీయండి. అడుగున కొవ్వు తెల్లగా గడ్డకట్టి, రోజ్‌మేరీ పుల్లలు దాన్లో కూరుకుపోయి ఉంటాయి. చర్మం చెప్పు అట్టలా సాగుతుంది. రొమ్ము ముక్క వేలితో విడదీస్తే పొడిపొడిగా నూలుపోగుల్లా ఊడుతుంది. దీన్ని మెత్తబరచాలంటే మన దగ్గర ఉన్న సాధనం ఒక్కటే, కుక్కర్. ఆరు విజిళ్ళు రానివ్వండి. అది మూడు నాలుగు గంటలు ఓవెన్‌లో ఉడికి వచ్చిందన్న సంగతి కుక్కర్‌కి తెలియదు, మీరూ చెప్పకండి. ఉల్లిపాయలు పది నిమిషాలు ఎర్రగా వేయించి, అల్లంవెల్లుల్లి పచ్చివాసన పోయాక టమాటా, కారం, ధనియాల పొడి వేసి, నూనె పైకి తేలాక చివర్లో ముక్కలు వేసి, అవి లోపలిదాకా పొగలు కక్కేలా అయిదు నిమిషాలు ఉంచి దించేస్తే చాలని మా చిన్నత్తయ్య అంటుంది. కూర ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోతే వంట చేసినట్టు ఎవరు నమ్ముతారు?

ఉప్పు అలవాటు ప్రకారం వేయండి. పక్షిని కాల్చే ముందు ఒక రాత్రంతా ఉప్పునీళ్ళలో నానబెట్టింది మీరే అయినా సరే. రుచి చూడటం ఆత్మవిశ్వాసం లేనివాళ్ళ పద్ధతి. రోజ్‌మేరీ తీసేయకండి, దాని పక్కనే రెండు రెబ్బలు కరివేపాకు వేయండి. వాటి గొడవ అవే తేల్చుకుంటాయి. ఎముకలన్నీ చెత్తబుట్టలోకి. వాటిని రెండు గంటలు సన్నమంట మీద మరిగించి, మిరియాలు దంచి వేస్తే జలుబుకి పనికొచ్చే చారు అవుతుందన్న మాట మన చెవిన పడనేలేదు.

మసాలా ఏదన్నది చరిత్రని అడగండి. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి వింత జంతువులు తెచ్చి జహంగీరు పాదుషాకి ఇచ్చాడు. అందులో టర్కీ కోడి ఒకటి. ఊసరవెల్లిలా రంగులు మార్చే దాని తలని చూసి పాదుషా అబ్బురపడ్డాడు, ఉస్తాద్ మన్సూర్ దాని బొమ్మ గీశాడు. దీన్నిబట్టి టర్కీ మొఘలాయీ వంటకమని తేలిపోయింది కనక జీడిపప్పు ముద్ద, క్రీము, కుంకుమపువ్వు గుమ్మరించండి. పాదుషా దాన్ని తిన్నాడా అని అడిగితే, బొమ్మ చూపించండి. అప్పటికీ రుచి రాకపోతే గోంగూర వేయండి. గోంగూర వేసిన కూరలో ఏ కోడైనా గోంగూరే.

అన్నిటికంటే ముఖ్యమైనది పేరు. గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారికి టర్కీ అని చెప్పకండి, నాటుకోడి అనండి. అయితే వడ్డించే ముందు కూరలో మిగిలిపోయిన తొడ ఎముకలన్నీ ఏరి పారేయాలి, జానెడు ఎముకున్న నాటుకోడి ఆంధ్రదేశంలో పుట్టలేదు. ఆవిడ పెరట్లో కోళ్ళు పెంచిన మనిషి.

"ఏమ్మా, ఈ కోడి ఏ ఊరిది?"

"మన శంకర్‌పల్లి వైపుదే అత్తయ్యా, ఫారం కాదు."

"పీచు చూస్తే గొడ్డుకి దాణా వేసినట్టు పెంచారే!"

నవ్వి ఊరుకోండి. రెండోసారి వడ్డించకండి, ఆవిడ పెరుగన్నంలోకి దిగిపోయింది. గిన్నెలో ఇంకా సగం ఉంటుంది. సోమవారం డబ్బాలో పెట్టి గచ్చిబౌలి ఆఫీసుకి తీసుకెళ్ళండి. మైక్రోవేవ్‌లో ముప్పై సెకన్లు చాలు, అంచులు కాలితే మధ్యలో చల్లగా ఉన్నా తెలియదు. ఆ రోజు టీములో ఎవరెవరు శివుడి పేరు చెప్పి మాంసం మానేశారో కనుక్కుని, మిగతావాళ్ళకే చికెన్ చెట్టినాడు అని చెప్పి పంచండి. సాయంత్రం స్టాండప్ కాల్‌కి వాళ్ళు రాకపోతే నెట్‌వర్క్ బాగోలేదని మేనేజరుకి మీరే చెప్పాలి.