విప్పడమే వాడి వృత్తి

33 ఏళ్లు ట్రెజరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. సంతకం ఒకటి తక్కువైందని ఎంతటి ఆఫీసరు బిల్లయినా వెనక్కి పంపిన చెయ్యి ఇది. అలాంటిది నా ఇంట్లో జరుగుతున్నదానికి ఏమని అభ్యంతరం రాయాలో, రాసి ఎవరికి పంపాలో తెలియక ఇలా పత్రికకెక్కుతున్నాను. మల్కాజిగిరిలోని మా ఇంట్లో ఈ ఉదయానికి 14 గిటార్లున్నాయి. అన్ని భాగాలూ ఒంటిమీదున్న గిటార్ మాత్రం ఒక్కటీ లేదు.

మావాడు గిటార్ వాయిస్తాడు. అంతటితో ఆగితే ఏ తండ్రైనా ఓర్చుకుంటాడు. కానీ వాయించడం వాడికి సాయంత్రం పని. పగలంతా విప్పడం. బాగా మోగుతున్నదాన్ని విప్పుతాడు, ఇంకా బాగా మోగాలట. విప్పినదాన్ని బిగిస్తాడు, మర్నాడు మళ్లీ విప్పుతాడు.

వాడి మొదటి బేస్ గిటార్ సంగతి చెబుతాను, మీరే తీర్పు చెప్పండి. వీణకు మెట్లున్నట్టు గిటార్‌కి ఫ్రెట్లుంటాయి. పూర్వం బేస్ అంటే నిలువెత్తు డబుల్ బేస్ అట. దానికి మెట్లుండవు, స్వరం ఎక్కడుందో వేలితో వెతుక్కోవాల్సిందే. 1951లో అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన ఆ కష్టం చూసి, మెడలో వేసుకుని వాయించే కరెంటు బేస్ చేసి, దానికి ఫ్రెట్లు బిగించి, స్వరం గురి తప్పదని దానికి ‘ప్రెసిషన్’ అని పేరు కూడా పెట్టాడు. ఆయన అసలు రేడియోలు బాగుచేసే మనిషి, గిటార్ వాయించడం రాదు. అందుకే అంత బుద్ధిగా ఆలోచించగలిగాడని నా నమ్మకం. మావాడు అలాంటి బేస్ ఒకటి, ఫ్రెట్లకు కూడా కలిపి డబ్బిచ్చి కొన్నాడు. ఇంటికి తెచ్చిన మూడో వారం ఫ్రెట్లన్నీ పీకేశాడు.

ఎందుకురా అంటే జాకో పాస్టోరియస్ అన్నాడు. ఆ జాకోగారు తన ఫెండర్ జాజ్ బేస్ ఫ్రెట్లను వెన్న రాసుకునే కత్తితో పీకి, గాళ్లలో లప్పం పెట్టి, పైన పడవలకు పూసే ఎపాక్సీ పూశాడని చెబుతారు. స్వరం నుంచి స్వరానికి జారుతూ పోవచ్చట, గమకాలు పలుకుతాయట. మా ఇంట్లో వెన్నకత్తి లేదు. మా ఆవిడ అట్లకాడ పోయింది.

వంటింటి నష్టం అక్కడితో ఆగలేదు. ఒకరోజు పొయ్యి మీద గిన్నె కుతకుతలాడుతుంటే చారేమోనని మూత తీశాను. లోపల నాలుగు తీగలు చుట్టలు చుట్టుకుని ఉడుకుతున్నాయి. బేస్ తీగల సెట్టు ఖరీదెక్కువ కాబట్టి, చెమటా మురికీ పట్టి గొంతు పోయినవాటిని కాసేపు నీళ్లలో ఉడికిస్తే కొన్నాళ్లపాటు మళ్లీ ఖంగుమంటాయట. అది మావాడు కనిపెట్టింది కాదట, దేశదేశాల బేస్ వాయించేవాళ్లందరి చిట్కానట. మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ మాత్రం తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదని వీడే ఇంకోరోజు చెప్పాడు. పొదుపరి, ఆదర్శప్రాయుడు. అలాంటివారి బాట మావాడికి నచ్చదు.

తర్వాత పాలగిన్నె. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. ఆ చుట్లు వదులైతే సౌండు పెంచినప్పుడు కీచుమంటుంది. ఎడ్డీ వాన్ హేలెన్ దాన్ని కరిగిన మైనంలో ముంచి చుట్లు కదలకుండా చేశాడట. మావాడు దీపావళికి మిగిలిన కొవ్వొత్తులన్నీ పాలగిన్నెలో కరిగించాడు. మా ఆవిడ కోప్పడుతుందని ఎదురుచూశాను. ‘‘మా అమ్మ వీణకు మేళం కట్టేటప్పుడూ మైనమే కదండీ కరిగించేవారు’’ అని వాడికి పట్టకారు అందించింది.

ఇక హమ్ము. వాడి గదిలో గిటార్ ముట్టుకోకపోతే జుమ్మని మోత, ముట్టుకుంటే వేళ్లకు జిల్లు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ ఊపును ఒంటి కాయిల్ పికప్ పాటతోపాటు పట్టేస్తుందట. దానికి మందుగా గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఆయన 1955లో రెండు కాయిళ్లను ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో కలిపాడు. ఒకదాని మోతను ఇంకొకటి కొట్టేస్తుంది, పాట మాత్రం మిగులుతుంది. ఈ సూత్రం మీద నాకు గౌరవం లేదు. నేనూ మా ఆవిడా ఎదురు దిక్కుల్లోనే ఇంతకాలం కాపురం చేశాం, మోత ఒక్క పిసరు తగ్గలేదు.

అయితే ఆ జిల్లుమనడానికి కారణం పికప్ కాదు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, మీ ఇంటికి ఎర్తే లేదు సార్ అన్నాడు. పెరట్లో నందివర్ధనం మొక్క పీకి, గొయ్యి తవ్వి, బొగ్గులూ ఉప్పూ వేసి ఎర్త్ చేశాడు. ఆ ఖర్చు నాది. ‘‘ఫ్రిజ్జు తలుపు ముట్టుకుంటే జిల్లుమంటోందని పదేళ్లు మొత్తుకున్నాను. గిటారు చెబితే గానీ వినపడలేదు మీకు’’ అని మా ఆవిడ ఎలక్ట్రీషియన్ ముందే అంది.

ఉన్న వాద్యాన్ని ఉన్నట్టు వాయించలేవట్రా అని ఒకసారి గట్టిగానే అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ‘‘మాండలిన్ శ్రీనివాస్ అలాగే ఊరుకుని ఉంటేనో నాన్నా?’’ అన్నాడు. మా అత్తగారిది పాలకొల్లు పక్క ఊరు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. పాలకొల్లు పిల్లవాడు శ్రీనివాస్ మాండలిన్‌కి ఉన్న నాలుగు జంట తీగలు తీసేసి, అయిదు ఒంటి తీగలు వేసుకుని, కరెంటు మాండలిన్ మీద గమకాలు పలికించాడు. 1998లో పద్మశ్రీ ఇచ్చారు. అదంతా ఇద్దరూ కలిసి నాకు చెప్పారు. జవాబు లేక ‘‘ఆయన ఆయనే, నువ్వు నువ్వే’’ అని పేపరు విప్పుకున్నాను.

ఇంతకీ సంపాదన లేదా అంటారేమో. ఉంది. అదే నా అసలు బాధ. నా జీతం ఒకటో తారీఖున వచ్చేది. వాడి సంపాదన పంచాంగం చూసుకుని వస్తుంది. ఈ మధ్య మన పెళ్లిళ్లకు కూడా సంగీత్ అని ఒక రాత్రి తోడైంది కదా, ఆ రాత్రులు వాయించడమే వాడి ప్రధాన జీవనం. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం దివ్యంగా ఉంటాయి. ఆషాఢం వస్తే ఒక్క కాల్ రాదు. మూఢం వచ్చిందంటే ఇంకేముంది. ఏకాదశి ఎప్పుడో చూడ్డానికి తప్ప పంచాంగం తెరవని నేను, ఇప్పుడు ఉగాదినాడు కొత్త పంచాంగం కొనగానే ముందు శుక్ర మూఢం ఎప్పట్నుంచి ఎప్పటిదాకానో చూస్తున్నాను. పోనీ ముహూర్తాలున్నప్పుడైనా చేతికందుతుందా? సగం అడ్వాన్సు, మిగతా సగం ‘పెళ్లి హడావిడి తగ్గాక’. కొన్ని పెళ్లిళ్ల హడావిడి బారసాల దాకా తగ్గదు. ఓచరు లేదు, రసీదు లేదు.

సినిమా స్టూడియో నుంచి అప్పుడప్పుడు పిలుపొస్తుంది. చాలా పాటలకు బేస్ కీబోర్డు మీదే కానిచ్చేస్తారు, మనిషి వేలి తాకిడి కావాలనిపించినప్పుడు వీణ్ణి పిలుస్తారు. ఇళయరాజాగారు కూడా మొదట్లో మద్రాసులో ఇతరుల పాటలకు గిటార్ వాయించినవారేనని మా ఆవిడ వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది. పొద్దున్న అయిదున్నరకు అమెరికా క్లాసు. డాలస్‌లో అప్పుడు సాయంత్రం, అక్కడి తెలుగు పిల్లలు బడి నుంచి వచ్చి కూర్చుంటారు. మా ఇంట్లో సుప్రభాతం ఆగిపోయి ఏడాదైంది. దాని స్థానంలో ఒక ఎనిమిదేళ్ల పిల్ల పట్టలేని ఎఫ్ కార్డు వినిపిస్తోంది.

ఇక ఆషాఢం కాపాడేది మరమ్మతులే. ఎవరెవరి పిల్లల గిటార్లో వచ్చి సోఫా నిండా పడుకుంటాయి. చవక గిటార్లలో తీగలు పలక మీద నుంచి బాగా ఎత్తుగా ఉంటాయట. నొక్కలేక వేళ్లు బొబ్బలెక్కి, పిల్లలు నెలలోపే మానేస్తారు. లోపం తమ పిల్లాడిదేనని తల్లిదండ్రులనుకుంటారు. వీడు ఆలెన్ కీతో మెడలోని ఇనుప కడ్డీని తిప్పి వంపు సరిచేస్తాడు, ఫ్రెట్లు ఆకురాయితో సమం చేస్తాడు, తీగలు దించుతాడు. మానేసిన పిల్లలు మళ్లీ మొదలెడతారు. ఆ పిల్లల తండ్రుల ప్రశాంతతకు భంగం కలిగించే ఈ పనికి డబ్బులిచ్చేది కూడా ఆ తండ్రులే. సరిచేసిన బేస్‌ను పరీక్షించేటప్పుడు మాత్రం నేను డాబా మీదికి వెళ్లిపోతాను. దాని లావు తీగ సెకనుకు 41 సార్లే ఊగుతుంది. తలుపు వేస్తే గిటార్ మోత తగ్గుతుంది గానీ ఈ మోతకు గోడ ఒక లెక్కే కాదు. స్టాండులో స్టీలు గ్లాసులు గలగలలాడతాయి. కింద అద్దెకున్నాయన బోరు మోటారు ఆపమని రెండుసార్లు పైకి వచ్చాడు.

చదువైనా పూర్తి చెయ్యరా అంటే బ్రియాన్ మే పేరు ఎత్తాడు. క్వీన్ బృందంలో గిటార్ వాయించే ఆయన 2007లో ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేశాడట. నాకు ప్రాణం లేచివచ్చింది. కానీ వాడు చెప్పదలచుకున్నది పీహెచ్‌డీ కాదు. ఆయన గిటార్‌ను 1963లో మొదలుపెట్టి ఇంట్లోనే చేసుకున్నారు. మెడకు పాత నెగడుగూటి (ఫైర్‌ప్లేస్) పైబల్ల చెక్క, శరీరానికి పాత బల్ల నుంచి తీసిన ఓక్, లోపల మోటారుసైకిల్ స్ప్రింగులు, మెట్ల గుర్తులకు వాళ్లమ్మ గుండీలు. ‘‘వాళ్ల నాన్నగారు కూడా పక్కన కూర్చుని చేశారట’’ అని మా ఆవిడ నావైపు చూడకుండా అంది.

మా ఇంట్లో నెగడుగూడు లేదు. మా తాతగారు పాత గోదావరి టేకుతో చేయించిన ఉయ్యాలబల్ల ఉంది. దానిమీద కూర్చోవాలనుకునే బంధుమిత్రులు కాస్త త్వరపడి రావలసిందిగా మనవి. మొన్న ఆదివారం దానిమీద పెన్సిల్ గీతలు రెండు పడ్డాయి. మధ్య దూరం 34 అంగుళాలు, బేస్ తీగ మోగే పొడవు అంతేనట. టేపు రెండో కొస పట్టుకున్నది నేనేనని మా ఆవిడ అందరికీ చెబుతోంది. అది నిజమే.