చూడి పందికి యోగనిద్ర

హనుమకొండలో తెల్లవారుజామున భద్రకాళి బండ్ మీదికి వెళ్తే, రాత్రి బిర్యానీ కరిగించుకోవడానికి సగం ఊరు చేతులూపుకుంటూ నడుస్తుంటుంది. అలా నడిచొచ్చిన పెద్దమనిషే ఇంట్లో కూర్చుని పందుల ఫారం వీడియో పెట్టుకుంటాడు. అందులో ఓ మహానుభావుడి ఉపదేశం ఏమంటే, చూడి పందిని అస్సలు కదలనివ్వొద్దట. కదిలితే దాణా కరుగుతుందట, దాణాతో పాటు డబ్బూ కరుగుతుందట. అందుకని రెండడుగుల వెడల్పు ఇనుప క్రేటులో 114 రోజులూ వెనక్కి తిరగనీయకుండా నిలిపితే లాభమే లాభమట!

ఇందులో సగం నిజముంది. అందుకే జనం నమ్ముతున్నారు. నిలబడ్డ పందికి పడుకున్నప్పటికంటే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. ఈ విషయంలో ఆవు, గొర్రెల కంటే పందిదే దుబారా.

సరే, క్రేటులో పెట్టారు. మరి పడుకుందా? చూడి మీద బాగా కొవ్వెక్కితే ఈనడం కష్టమని, ఈనాక మేత తగ్గిస్తుందని రోజుకు రెండు, రెండున్నర కిలోల దాణాతో సరిపెడతారు. వదిలేస్తే అంతకు రెట్టింపు లాగించే కడుపు అది. క్షణాల్లో తొట్టి నాకేసి లేచి నిలబడుతుంది. ఎదురుగా ఉన్న చువ్వను పళ్ల మధ్య బిగించి అటూ ఇటూ రాస్తుంది. నోట్లో ఏమీ లేకున్నా నములుతూనే ఉంటుంది, మూతి చుట్టూ తెల్లటి నురగ. గంటలకొద్దీ ఇదే పని. కాళ్ల దగ్గర మిగిల్చానన్న శక్తి ఇలా పోతోంటే, మహానుభావుడు దాన్ని ఏ పద్దులో రాసుకుంటాడో!

పందిని పడుకోబెట్టేది ఇనుము కాదు, పీచు. పీచు మేతతో కడుపు నిండితే అది తక్కువ సేపు నిలబడుతుంది, చువ్వల జోలికీ పెద్దగా పోదు. ఆ పీచు పెద్దపేగులో మెల్లగా పులిసి, తిన్న చాలాసేపటి దాకా శక్తినిస్తూనే ఉంటుంది. బ్రిటన్ 1999లోనే ఈ క్రేట్లను నిషేధించింది. యూరోపియన్ యూనియన్‌లో 2013 నుంచి, చూడి కట్టిన నాలుగు వారాల తర్వాత పందుల్ని గుంపుగా వదలాల్సిందే, పీచు మేత పెట్టాల్సిందే. వాళ్లు పాత ఇనుము కింద తీసేసిన దాన్ని మనవాడు ‘విదేశీ టెక్నాలజీ’ అని అమ్ముతున్నాడు.

ఇక మన దగ్గరున్న రెండో సిద్ధాంతం దీనికి పూర్తిగా తలకిందులు. మోరీల వెంట వదిలేస్తే ఖర్చే లేదట! పొద్దంతా తిరిగి సంపాదించింది తిరగడానికే సరిపోతే పిల్లలకు పాలెక్కడివి? ఈనిన పందికి కడుపునిండా పెట్టకపోతే తన ఒంట్లో కొవ్వే కరిగించి పాలిస్తుంది. మళ్లీ ఎదకు రావడం ఆలస్యమైతే ఆ నష్టం ఎవరి ఖాతాలోకి?

వరంగల్ చుట్టుపక్కల పీచుకేం కరువు? కోతలయ్యాక వరిగడ్డికి నిప్పు పెట్టి ఆ పొగ మనమే పీలుస్తున్నాం. అదే గడ్డి కొట్టంలో పరిస్తే పంది కెలుక్కుంటూ, కొరుక్కుంటూ పొద్దుపుచ్చుతుంది.

క్రేట్లకు అడ్వాన్సు కట్టే ముందు ఒక్కసారి మామునూరు పశువైద్య కళాశాల దాకా వెళ్లి అడగండి. వీడియో ఎక్కడికీ పోదు.