ముందు దర్జా, వెనక బ్రేకు హుళక్కి

బ్రేకు తొక్కగానే బండి ముందుకు కూలబడుతోందా? వెనక సీట్లోని సారు ముందు సీటుకు దండం పెడుతున్నారా? అయితే మీరు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దారుల్లో ఏ పెద్దమనిషి కాన్వాయ్‌లోనో ఉన్నట్టే.

2016 అక్టోబరు 11న ఈ మూడూ జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లొచ్చాయి. వెంటే తెల్ల బండ్లొచ్చాయి. ఎత్తు పెంచిన బండ్లు. ముందు ఇనుప గార్డు, దాని మీద బండిని లాగే వించ్, ఆపైన అరడజను లైట్లు. అడవి దారులకట! గూడూరు దాటి కొత్తగూడ అడవిలో ఏనాడైనా టైరు పెట్టిందా ఆ బండి? ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఫొటో దిగడమే దాని సాహసయాత్ర.

ఆ గార్డు పెట్టకూడదని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం నేరమంది. ఎవరికి చెప్పింది, ఎవరు విన్నారు? జనగామ హైవే మీద బైకుపై ముగ్గురెక్కితే టక్కున ఫొటో. అంత గార్డు మాత్రం ఎవరి కంటా పడదు. చత్వారం కాబోలు.

ఇక ఈ కుంగుడు రోగం సంగతి చూద్దాం. బ్రేకు వేస్తే ఏ బండికైనా బరువు ముందుకొస్తుంది. బండి ఎంత ఎత్తయితే అంత ఎక్కువొస్తుంది. మరి లిఫ్ట్ కిట్ వేయించిందెవరు? ఎంత కుంగాలో స్ప్రింగు తేలుస్తుంది. ఎంత వేగంగా కుంగాలో షాకబ్జర్ తేలుస్తుంది. ఆయిలంతా కారిపోయిన షాకబ్జర్ ఏం తేలుస్తుంది, నా మొహం!

సారుకు ఇవేం పట్టవు. "గట్టి స్ప్రింగులు వెయ్యరా" అని హుకుం. మేస్త్రీ వేస్తాడు, బేరం కదా. కుంగుడు తగ్గినట్టే ఉంటుంది. గతుకుల్లో టైరు నేలను వదిలేస్తుంది. వెనక చక్రం ఎవరైనా విప్పారా? విప్పితే భాగోతం బయటపడేది. వీల్ సిలిండర్ కారి, బ్రేక్ షూలు జిడ్డులో నానుతుంటాయి. ఆపే చాకిరీ అంతా ముందు చక్రాలదే.

కొన్ని బండ్లలో ఇంకో తమాషా ఉంది. వెనక ఇరుసుకు ఓ కడ్డీ, దానికో వాల్వు. ఇరుసుకూ బాడీకీ దూరం పెరిగితే 'బండి ఖాళీ' అనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. బండిని పైకి లేపి ఆ కడ్డీని సరిచేయకపోతే దాని లెక్కలో బండెప్పుడూ ఖాళీయే. సారు, పీఏ, గన్‌మెన్లు, అనుచరులు కిక్కిరిసి కూర్చున్నా ఖాళీయే! ఆ వాల్వు మరీ అంత తప్పు చెప్పడం లేదేమో.

ఇక రోడ్డు. స్పీడ్ బ్రేకరంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసిపెట్టింది. నలుపూ తెలుపూ చారలు కూడా వేయాలంది. మన ఊళ్లలో? సమాధి గట్టు. రంగు లేదు, బోర్డు లేదు. కేసముద్రం మార్కెట్‌కు మిర్చి బస్తాలతో పోయే పికప్ డ్రైవరు చివరి నిమిషంలో తొక్కి చావాలి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు లైన్లో నిలబడాల్సిందీ అతనే. సారు సొంత బండికి? పదిహేనేళ్ల దాకా అడిగే నాథుడే లేడు.

భూపాలపల్లికి కుంగుడు కొత్తా? 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లే కుంగాయి. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ కమిటీ, ప్రణాళిక మొదలు నిర్వహణ దాకా లోపాలే అంది. చూడ్డానికి కాన్వాయ్‌లు బారులు తీరాయి. ఏ కండువా వైద్యుడు ఆ కండువాకు నచ్చిన రోగమే కనిపెట్టాడు.

షాకబ్జర్ పరీక్షకు పైసా ఖర్చు లేదు. బండి ముందు మూలను బలంగా కిందికి నొక్కి వదలాలి. లేచి ఒక్కసారికే నిలబడితే బాగున్నట్టు. ఊగుతూనే ఉంటే చచ్చినట్టు. రవాణా అధికారి గారూ, మిర్చి బండి మీద బాగానే చెయ్యేస్తారు. సారు బండి బానెట్ మీద ఎప్పుడేస్తారు?