అబ్దుల్లాపూర్‌మెట్ చిరునామా: టీకా తాత్పర్య సహితం

మూలం

విజయవాడ హైవే ఎడమపక్క, పెట్రోలు బంకు దాటినాక, వేపచెట్టెదురుగా, అబ్దుల్లాపూర్‌మెట్, రంగారెడ్డి జిల్లా, 501505. రాత్రి తొమ్మిది లోపు ఫోన్ చేయగలరు.

అవతారిక

గ్రానైటు, టైల్సు అమ్మే ఒకానొక దుకాణం వారి వెబ్ పేజీ అడుగున ఈ మూలం కానవచ్చుచున్నది. కర్త దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ వెబ్ పేజీల కోర్సు నేర్చిన కుర్రవాడని ప్రతీతి. మెతుకుసీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు.

ప్రతిపదార్థం

విజయవాడ హైవే = 65వ నంబరు జాతీయ రహదారి, పాతవారికి ఇప్పటికీ తొమ్మిదే; ఎడమపక్క = ఎల్బీనగర్ నుంచి పోయేవారికి ఎడమ, విజయవాడ నుంచి వచ్చేవారికి కుడి అని అధ్యాహారం చేసుకోవలెను; దాటినాక = ఎంత దూరం అని అడగరాదు; వేపచెట్టెదురుగా = వేపచెట్టు + ఎదురుగా, ఉత్వసంధి; అబ్దుల్లాపూర్‌మెట్ = 2016 అక్టోబరులో మండలమైన ఊరు, అంతకు ముందు హయత్‌నగర్ మండలంలోనిది; 501505 = పిన్‌కోడ్. దీనిని 1972 ఆగస్టు 15న దేశానికిచ్చిన శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ తపాలా శాఖ అధికారే గాక సంస్కృత కవి కూడా. మూలమంతటిలో యతి తప్పని పాదం ఇదొక్కటే కావడం అందుకేనేమో.

పాఠాంతరం

కర్త ఈ చిరునామాను, వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషలోని డివ్ ట్యాగులో పెట్టాడు. డివ్‌కు అర్థం లేదు. శ్లోకంలో అక్షరాలు చాలనప్పుడు ఇరికించే చ, వై, తు, హి లాగా పాదపూరణం. అడ్రస్ ట్యాగే సాధుపాఠం, ప్రాచీనపాఠం కూడా: 1995 నాటి హెచ్‌టీఎంఎల్ రెండో కూర్పులో అడ్రస్ ఉంది, డివ్ లేదు.

పూర్వపక్షం: పేరే అడ్రస్ గనుక కనిపించిన ప్రతి చిరునామానూ అందులో పెట్టవచ్చును గదా? సమాధానం: పెట్టరాదు. తనను చుట్టుకున్న ఆర్టికల్‌కు, అది లేకుంటే మొత్తం పేజీకి, ఎవరిని సంప్రదించాలో చెప్పడమే ఈ ట్యాగు పని. 'మేం టైల్సు పరిచిన ఇల్లు' అంటూ హయత్‌నగర్ గిరాకీ చిరునామాను అందులో పెడితే, ధర అడగదలచినవాడు ఆ ఇంటి గంట కొడతాడు. ఫోను, ఈమెయిలు ఉండవచ్చు. పేజీ మార్చిన తేదీ కూడదు, శీర్షిక కూడదు, అడ్రస్‌లో మరో అడ్రస్ అసలే కూడదు. బ్రౌజర్లు దీన్ని వాలుగా చూపిస్తాయి. తెలుగక్షరం వాలితే తలకట్టు జారినట్టుంటుంది గనుక ఒక వరుస సీఎస్ఎస్ రాసి నిలబెట్టవలెను.

దోషవిచారం

ఫోన్ చేయగలరన్నాడు గాని నంబరేది? ఫ్లెక్సీ కోసం చేయించిన బొమ్మలో ఉంది. వేలితో నొక్కితే మోగదు. చూపులేనివారికి పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడరుకు ఆ బొమ్మలో అంకెలు కనిపించవు. +91 ముందు చేర్చి టెల్ లంకెగా రాసి ఉంటే, దుబాయిలో ఉండి ఇల్లు కట్టిస్తున్న కొడుకు సైతం అక్కడి నుంచే నొక్కి బేరమాడును. ఇది క్షమించరాని దోషం.

వేపచెట్టు మాత్రం కర్త దోషం కాదు. 2011లో గూగుల్, బింగ్, యాహూ కలిసి మొదలుపెట్టిన, పేజీలోని వివరాలను సెర్చి యంత్రాలకు విడమరిచి చెప్పే స్కీమా డాట్ ఆర్గ్ పద్ధతిలో వీధికి, ఊరికి, రాష్ట్రానికి, పిన్‌కు వేరువేరు గళ్లున్నాయి. ఎదురుగా, పక్కన, దాటినాక అనేవాటికి గడి లేదు. మన చిరునామాకు ప్రాణం ఆ మాటల్లోనే ఉంది. ఇంటి నంబరు చూసి ఇల్లు పట్టుకున్నవాణ్ణి మన పక్క నేనింకా చూడలేదు. గత్యంతరం లేక చెట్టునూ బంకునూ వీధి గడిలోనే కుక్కవలెను. తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ నాలుగు మీటర్ల చదరానికొక పదక్షరాల గుర్తు ఇస్తుంది. దుకాణం గుమ్మం దాకా తీసుకుపోతుంది, నిజమే. ఆటోవాడికి చెప్పి చూడండి.

తాత్పర్యం

ఓ కొనువాడా! బంకు దాటి రమ్ము, తొమ్మిది లోపు పిలువుము. అయితే వెళ్లేవారికి నాదొక మనవి: చెట్టు కోసం వెతకకండి, రోడ్డు వెడల్పు చేసినప్పుడే కొట్టేశారు.