వెల్లుల్లి కారం: టీకా తాత్పర్య సహితం

ఎండు మిరపకాయ లెర్రగా వేయించి
యుప్పు జీలకర్ర లొప్ప దంచి
వెనుక నలుగగొట్టి వెల్లుల్లి రెబ్బల
నేయి పోసి ముంచు నిడ్డెనలను

అవతారిక: ఇడ్లీలు ఆవిరి మీదున్నాయి, చట్నీకి కొబ్బరి లేదు. అట్టి విపత్తులో ఉన్న గృహస్థుకు ఉపదేశమిది. కవీ వ్యాఖ్యాతా ఒకరే గనుక తగవులు ఇంట్లోనే తీరతాయి. మహావ్యాఖ్యాత కొలిచాల మల్లినాథసూరి నాటికి మిరపకాయ మన దేశానికే రాలేదు, పోర్చుగీసు ఓడలు ఇంకా దిగాలి. కాబట్టి ‘ఇడ్డెన’ అన్న మాట పట్టుకుని ఈ పద్యం ప్రాచీనమని ఎవరైనా వాదిస్తే నమ్మవద్దు.

టీక: ఎర్రగా = ఎండుమిర్చి అసలే ఎరుపు కదా, మళ్లీ ఎర్రగా వేయించడమేమిటని పూర్వపక్షం. నల్లబడక ముందే దింపమని సమాధానం. మాడితే చేదు. ఎన్ని కాయలో కవి చెప్పలేదు. గుంటూరువైతే 10 చాలు, వాటికి 12 వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు జీలకర్ర. బ్యాడగి కాయలు రంగుకే గాని కారానికి కావు. జీలకర్ర వేయించాలా వద్దా అన్నచోట పద్యం జారుకుంది. మా ఇంట్లో పచ్చిదే.

వెనుక = పద్యానికి ప్రాణం ఈ మాట. వెల్లుల్లిలో తడి ఉంది. ముందే వేస్తే రోట్లో అంతా ముద్దకట్టి, మిరప తొక్కలు రోకలికి దొరకకుండా తప్పుకుంటాయి, గింజలు అలాగే మిగులుతాయి. పొడివి పొడిగా నలిగాకే తడిదాని వంతు.

నలుగగొట్టి = మెత్తగా నూరి కాదు. చెక్కుచెదరని రెబ్బకు వాసనే తక్కువ. అది చితికితే లోపల విడివిడిగా ఉన్న ఎంజైమూ అల్లీనూ కలిసి అల్లిసిన్ పుడుతుంది, ఆ ఘాటంతా దానిదే. నాలుగు పోట్లు చాలు. మిక్సీవాళ్లు ఒక్క తిప్పు తిప్పి, మూత తీసి చూడాలి. రెండో తిప్పుకు చాలాసార్లు ముద్దే. రెబ్బల పొట్టు తీయాలా? తీసేవారున్నారు, తీయనివారున్నారు. పొట్టుతో దంచిన కారానికి ఆ గరుకుదనం బాగుంటుందని నా పక్షపాతం.

నేయి పోసి = ‘నూనె పోసి’ అని పాఠాంతరం. వేరుశనగ నూనెతో రుచి చెడదు, యతి చెడుతుంది. మిరపలోని కాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. మంట పుట్టాక చెంబెడు నీళ్లు తాగినా ఫలితం లేనిది అందుకే.

ముంచు = అంటించు అని కాదు. కారం మధ్యలో వేలితో గుంట చేసి, కరిగిన నెయ్యి నిలిపి, వేడి ఇడ్లీ ముక్కను అందులో తిప్పాలి.

తాత్పర్యము: స్పష్టము.

ఫలశ్రుతి: దీన్ని ఉదయం ఆచరించినవారి దగ్గరకు ఆ పూట ఎవరూ వచ్చి మాట్లాడరు. పళ్లు తోమినా ప్రయోజనం లేదు. వెల్లుల్లిలోని గంధకం తాలూకు వాసన నెత్తుట్లో కలిసి ఊపిరితో బయటికొస్తుంది. ఇంటిల్లిపాదీ కలిసి తింటే మాత్రం దోషం లేదు.